మంత్రిగారి ఒప్పుదల

ఒతియా దొరగారు ఆ ఉదయం నుంచి ఒప్పుకుంటూనే ఉన్నారు. సినిమాలో రాకుమారిని ప్లంబరుకిచ్చి చెయ్యడానికి రాజు సరేనన్నాక, ముసలి మంత్రి వేషంలో ఆయన రెండడుగులు ముందుకొచ్చి, గుండెమీద చెయ్యి వేసుకుని, ఆ ప్లంబరుకి తల వంచాలి. అంతే పని. దొరగారు ప్రతిసారీ నిండుగా వంగారు, ప్రతిసారీ ఇంకేదో పాడైంది. రాకుమారికి తుమ్మొచ్చింది. రాజుగారి గడ్డం ఒక పక్కకి ఊడింది. మంత్రి వంగిన తీరు చూసి ప్లంబరు తన మాట మర్చిపోయాడు. డైరెక్టరు మళ్ళీ అన్నాడు. దొరగారు మళ్ళీ ఒప్పుకున్నారు.

కాగితపు గుజ్జుతో చేసిన పాలరాతి స్తంభం పక్కన దొరసాని వేషంలో, తలమీద లేసు గుడ్డతో నిలబడి ఆయన భార్య దరేజాన్ ఇదంతా చూస్తోంది. పరాయివాళ్ళ పిల్లని ఎంత ధారాళంగా ఇచ్చేస్తున్నాడో మహానుభావుడు, అనుకుంది. ఇంట్లో పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఇదే మెడ నిన్న ఇనుప కమ్మీలా బిగుసుకుపోయింది.

ఆ ఏడు హాలీవుడ్‌లో రాజుల సినిమాలకి గిరాకీ. రాజులంటే దర్బారు ఉండాలి, దర్బారంటే వందమంది నిలబడాలి, అందరికీ బట్టలు కుట్టించడం కంటే బట్టలున్నవాళ్ళని పిలవడం తేలిక. అందుకని సొంత యూనిఫారాలూ పతకాలూ ఉన్న ఎక్స్‌ట్రాలకి ఎప్పుడూ పని దొరికేది. రష్యా విప్లవంలో ఊళ్ళు వదిలి వచ్చిన కర్నల్లూ కౌంటులూ దొరసానులూ వెనక వరసలో నిలబడేవారు. ముందు వరసలో రాజుగారు ఒహాయోలో టోపీలమ్మిన మనిషి. దొరగారు రష్యా పక్కనున్న జార్జియా దేశపు రాజవంశీకులని విని ఆ రాజుగారు ఎంతో ముచ్చటపడి, మీ వైపు వేరుశనగ బాగా పండుతుందటగా అని అడిగాడు. ఇక్కడివాళ్ళకి జార్జియా అంటే దక్షిణాన తమ రాష్ట్రమొకటి ఉంది, అదే. దొరగారు ఆ రోజంతా రాజుగారికి వీపు తిప్పే నిలబడ్డారు.

అలాంటి మనిషిని వెనక వరస నుంచి లాగి మంత్రిని చేశారు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన మొహం తెరమీద పెద్దగా కనిపించబోతోంది. ఇంట్లో పైకి ఏమీ అనలేదుగానీ, మూడు రోజులుగా మీసానికి మైనం రాస్తున్నారు.

దరేజాన్ కళ్ళు మాత్రం మంత్రి మీద నిలవడం లేదు. పైన, కప్పుకింద చెక్క నడవా మీద ఒక దీపం వెనక కూర్చున్న కుర్రాడి మీదికి పోతున్నాయి. అక్కణ్ణించి రాకుమారి చెలికత్తెల్లో చివరగా నిలబడ్డ ఎలికో మీదికి, మళ్ళీ పైకి.

ఎలికో దొరగారి అన్న కూతురు. నడక రాని పిల్లని శాలువాలో చుట్టుకుని బటూమీ రేవులో ఓడెక్కించింది దరేజాన్. అన్నావదినలు వెనక ఓడలో వస్తామన్నారు. ఆ ఓడ రాలేదు. తమకి పిల్లలు లేరు కాబట్టి ఆ పిల్లే పిల్లయింది. ఇప్పుడా పిల్ల ఒక లైట్‌మన్‌ని పెళ్ళాడతానంటోంది.

లైట్‌మన్ పేరు వెండెల్. బేకర్స్‌ఫీల్డ్ పక్కన వాళ్ళకి నారింజతోట ఉంది. నిన్న ఆదివారం సూటేసుకుని బుట్టెడు నారింజలతో వచ్చి, కూర్చోమనకముందే కూర్చుని, మీ పిల్లని చేసుకుంటానండీ అని తన నోటితో తనే అడిగేశాడు. మా ఇంట్లోనూ దీపాలు వెలిగించడానికి మనుషులుండేవారు, వాళ్ళెవరూ మా పిల్లనివ్వమని అడగలేదు, అన్నారు దొరగారు. పాపం, వాళ్ళకి యూనియన్ ఉండి ఉండదు సార్, అన్నాడు వెండెల్. నవ్వించడానికే అన్నాడు. దరేజాన్ నవ్వు ఆపుకోడానికి వంటింట్లోకి వెళ్ళాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి కుర్రాడి కుర్చీ ఖాళీగా ఉంది, వీధి తలుపు తీసి ఉంది.

ఈ పొద్దున మేకప్ గదిలో పిన్ని వీపు వెనక హుక్కులు పెడుతూ ఎలికో మెల్లగా చెప్పింది. మధ్యాహ్నం భోజనాలప్పుడు వెండెల్ ఇంకొక్కసారి అడుగుతాడు. బాబాయ్ కాదంటే ఇద్దరూ ఇటునుంచి ఇటే యూమా వెళ్ళిపోతారు. ఈ రాష్ట్రంలో పెళ్ళికి పేరిచ్చి మూడు రోజులు ఆగాలి, సరిహద్దు దాటి యూమాకి పోతే అడిగేవాడు లేడు. ఈ ఊళ్ళో తొందరపడ్డవాళ్ళందరూ చేసే పనే అది.

"సూట్‌కేసు కార్లో పెట్టేశాను పిన్నీ" అంది. "నీకు చెప్పకుండా పోలేక చెప్పాను. ఆపమని కాదు."

దరేజాన్‌కి లేచిపోవడం గురించి భయం లేదు. లేచిపోయినవాళ్ళు మూడో నెలలో ఊరగాయ కోసం తిరిగొస్తారని ఆమెకు తెలుసు. భయమంతా ఆ తిరిగొచ్చిన రోజు గురించి. దొరగారు ఒకసారి తలుపు మూస్తే తియ్యరు. పారిస్‌లో పెత్తండ్రి కొడుకుతో ఏదో మాట పట్టింపు వచ్చి పలకడం మానేశారు. ఆ అన్న పోయాడని పేపర్లో చదివి, పేపరు మడిచి పెట్టి, టీ పెట్టమన్నారు. ఆ టీ ఆయన తాగలేదన్నది దరేజాన్‌కి తప్ప ఎవరికీ తెలీదు. రేపు ఎలికో పేరు కూడా అలాగే మడిచి పెట్టేస్తారు. టీ పారబొయ్యడం తన వంతవుతుంది.

భోజనాల గంట మోగింది. డైరెక్టరూ రాజూ రాకుమారీ బయటికి వెళ్ళారు. ఎక్స్‌ట్రాలు అట్టపెట్టెల్లో రొట్టెముక్కలు తెచ్చుకుని దర్బారు మెట్లమీద కూలబడ్డారు. సొంత బట్టల మీద మరక పడకూడదని దొరగారు నిలబడే తింటారు. సింహాసనం పక్కన, షాటులో తను నిలబడాల్సిన చోట గీసిన సుద్దగీత దగ్గరే నిలబడ్డారు, ఎవరైనా దాన్ని పట్టుకుపోతారేమోనన్నట్టు.

వెండెల్ నిచ్చెన దిగి వచ్చాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఎలికో దూరం నుంచే ఇందరి ముందు వద్దన్నట్టు కళ్ళతో ఏదో చెప్పింది. పిల్లవాడు అది చూళ్ళేదు. పొద్దుటి నుంచి పైన కూర్చుని ఆ ముసలాయన ఒప్పుకోవడమే చూస్తున్నాడు కదా, మనసు మెత్తబడే ఉంటుందనుకున్నాడు.

"సార్, పొద్దుటి నుంచి ఆ ప్లంబరుకి అన్నిసార్లు ఒప్పుకున్నారు" అన్నాడు నవ్వుతూ. "నాకు ఒక్కసారి చాలు."

మెట్లమీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరస వెంట పాకింది. కౌంటులు నవ్వారు, కర్నల్లు నవ్వారు. ఇక్కడివాళ్ళు నవ్వినా దొరగారు సహించేవారేమో. తనలాగే అన్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళు నవ్వారు.

దొరగారు చేతిలో రొట్టెముక్కని జాగ్రత్తగా సింహాసనం చేతిమీద పెట్టారు. కత్తి దూశారు.

స్టూడియోలో దాదాపు అందరి కత్తులూ రేకువి. పొద్దున సామాన్లవాడు ఆయనకీ ఒకటి ఇవ్వబోతే, జున్ను కొయ్యడానికి దాచుకోమని చెప్పి తాత కత్తే కట్టుకున్నారు. ఆ సంగతి దరేజాన్‌కి తెలుసు, ఎలికోకి తెలుసు. మిగతావాళ్ళు కొత్త సీను రిహార్సలేమోనని రొట్టెలు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు. ఒక హుషారు కర్నలు తన రేకు కత్తి తీసి, పట్టుకో అబ్బాయ్ అంటూ వెండెల్ మీదికి విసిరాడు.

వెండెల్ పట్టుకున్నాడు. నవ్వు మొహంతోనే పట్టుకున్నాడు. అప్పుడు ఎలికో మొహం చూశాడు. తర్వాత దొరగారి కత్తి అంచు చూశాడు. నవ్వు మెల్లగా దిగిపోయింది.

"ఇది నిజం కత్తా సార్?"

"నీ చేతిలోది మార్చుకో" అన్నారు దొరగారు. "ఆ మెట్లమీది కర్నల్ ఫిత్యా కత్తి నిజమైంది. అడుగు, ఇస్తాడు."

వెండెల్ అడగలేదు. వెనక్కీ వెళ్ళలేదు. రేకు కత్తిని ఏం చెయ్యాలో తెలీక చీపురుకట్టలా కిందికి పట్టుకుని నిలబడ్డాడు. పారిపోరా నాయనా అనుకుంది దరేజాన్. పారిపోతే ఈయన తరమడు, నాలుగు తిట్లు తిట్టి రొట్టె తింటాడు. వాడు నిలబడ్డాడు కాబట్టి ఈయన వెనక్కి తగ్గలేడు, ఈయన తగ్గలేదు కాబట్టి వాడు కదలడు. ఇద్దరిలో ఒకడికి బుద్ధి ఉన్నా సరిపోయేది. దొరగారు కత్తెత్తి ఒక అడుగు వేశారు. చప్పట్లు ఆగిపోయాయి.

దరేజాన్ తలమీది లేసు గుడ్డ లాగి ఇద్దరి మధ్యకీ విసిరింది.

వాళ్ళ దేశంలో మగవాళ్ళు కత్తులు దూసినప్పుడు ఆడది తలగుడ్డ తీసి మధ్యన పడేస్తే అక్కడితో ఆగిపోవాలి. దాన్ని దాటి అడుగేసినవాడు మనిషి కాడు. తరాల నాటి పగలు ఆ గుడ్డముక్క దగ్గర చల్లారాయి. ఇరవై ఏళ్ళ కాపురంలో, ఇన్ని దేశాలు తిరిగి, దరేజాన్ ఎన్నడూ ఆ పని చెయ్యలేదు. దొరగారు గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోయారు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మెట్లమీద ముసలి కర్నల్లలో ఇద్దరు ముగ్గురు, తెలిసినవాళ్ళు, లేచి నిలబడ్డారు.

వెండెల్ వంగి ఆ గుడ్డ తీశాడు.

ఆడవాళ్ళది ఏదైనా కిందపడితే తీసివ్వాలని వాళ్ళమ్మ నేర్పింది. దూసిన కత్తి ముందు మెడ వంచి, తాపీగా దులిపి, రెండు మడతలు వేసి దరేజాన్ చేతికిచ్చాడు.

"మీది పడిపోయింది మేడమ్."

"చూశావుగా" అన్నారు దొరగారు తమ భాషలో. "తీసేశాడు. సంధి వద్దన్నాడు."

"వాడికి తెలీదు."

"తీసేశాడు, దరేజాన్."

ఆమె మళ్ళీ విసిరింది. వెండెల్ మళ్ళీ వంగాడు. ఈసారి కాస్త విసుగ్గా తీశాడు, బొమ్మలు విసిరేసే చంటిదానికి అందించినట్టు. ఇక్కడ గచ్చంతా సున్నం మేడమ్, పాడైపోతుంది, అని కూడా అన్నాడు. ఎలికో రెండు చేతులతోనూ నోరు మూసుకుంది.

కత్తి ఇంకా గాలిలోనే ఉంది. దొరగారి నుదుటిమీంచి చెమట మైనం రాసిన మీసంలోకి దిగుతోంది. కొట్టడం ఆయనకిష్టం లేదని దరేజాన్‌కి కనిపిస్తూనే ఉంది. కానీ ఆపాల్సిన గుడ్డ రెండుసార్లు లేచిపోయింది, నవ్వినవాళ్ళందరూ చూస్తున్నారు, దించడానికి దారి లేదు. ఆ బరువు కత్తి ఎత్తిన చేతిలో ఎంతసేపుంటుంది?

"మా కొండల్లో దీనికి ఇంకో ఆచారం ఉంది" అంది దరేజాన్.

ఆమె కొండపిల్ల, దొరగారు కింద ద్రాక్షతోటల మనిషి. కొండవాళ్ళ ఆచారాలు ఆయనకి ఎంత తెలుసో ఆమె ఎప్పుడూ అడగలేదు. కత్తుల మధ్య పడ్డ తలగుడ్డని ఏ మగాడు తీసి ఆ ఆడదాని చేతిలో పెడతాడో, వాడు ఆమెకు కొడుకవుతాడని చెప్పింది. రెండుసార్లు తీశాడు కాబట్టి తిరుగులేదని కూడా చెప్పింది. అబద్ధం చెప్పేటప్పుడు కొంచెం ఎక్కువే చెప్పాలి, లేకపోతే ఎవరూ నమ్మరు.

"నా కొడుకుమీద కత్తెత్తుతారా, దొరగారూ?"

కత్తి దిగింది. మెల్లగా ఒరలోకి వెళ్ళింది. దరేజాన్ కాగితపు స్తంభాన్ని పట్టుకుంటే అది ఊగింది.

అప్పుడు దొరగారి మీసం కింద సన్నగా నవ్వు కదిలింది.

"నీ కొడుకైతే ఎలికోకి అన్న" అన్నారు. ఈసారి వెండెల్‌కి కూడా తెలియాలని ఇంగ్లీషులో అన్నారు. "అన్నాచెల్లెళ్ళకి పెళ్ళి మీ కొండల్లో చేస్తారేమో. మా వైపు చెయ్యరు."

కుర్రాడి ప్రాణం కాపాడే తొందరలో వాడి పెళ్ళి దరేజాన్ తన చేత్తోనే చెడగొట్టింది. వెండెల్ ఏమీ అర్థంకాక ముగ్గురి మొహాలూ చూస్తున్నాడు. ఎలికో మాత్రం ఎవరి మొహమూ చూడలేదు. చెలికత్తె కిరీటం తీసి మెట్టుమీద పెట్టి, వెండెల్ చెయ్యి పట్టుకుని తలుపు వైపు నడిచింది. గొడవ లేదు, ఏడుపు లేదు. కత్తి ముందు నిలబడ్డవాడు ఆ పిల్ల వెంట మేకపిల్లలా వెళ్ళిపోయాడు.

డైరెక్టరు తిరిగొచ్చాడు. అసిస్టెంటు విజిల్ వేసి ఎవరి చోట్లలో వాళ్ళని నిలబడమన్నాడు. ఇంకాసేపట్లో ఎర్రదీపం వెలుగుతుంది, పెద్ద తలుపులు మూసేస్తారు. షాటు అయ్యేదాకా లోపలివాళ్ళు బయటికి పోవడానికి లేదు. ఒకటి పాడైతే ఇంకొకటి, సాయంత్రం దాకా. అప్పటికి కారు ఎడారిలో ఉంటుంది.

"అబద్ధం చెప్పాను" అంది దరేజాన్. "అలాంటి ఆచారం మా కొండల్లో లేదు."

"తెలుసు."

"తెలుసా?"

"నిన్ను చేసుకోడానికి మీ కొండలకి ఎన్నిసార్లు ఎక్కి దిగాను. మీ మేకల ఆచారాలు కూడా తెలుసు."

"తెలిసి కత్తెందుకు దించారు?"

దొరగారు సుద్దగీత వైపు చూస్తూ మాట్లాడారు. "దించడానికి ఏదో ఒకటి కావాలి కదా. నువ్విచ్చావు, తీసుకున్నాను."

"మరి ఆ అన్నాచెల్లెళ్ళ మాట? అదెందుకు తీసుకున్నారు?"

మంత్రిగారూ, మీ చోటికి, అని అసిస్టెంటు కేకేశాడు. మేకప్ పిల్ల పరుగెత్తుకొచ్చి ఆయన నుదుటి చెమట అద్దింది. ఆయన అద్దనిచ్చారు.

బతిమాలితే ఈయన ఇంకా బిగుస్తాడు. కోప్పడితే ఆ కోపమే పట్టుకుని ఊరేగుతాడు. దరేజాన్ పావడా కుచ్చెళ్ళు రెండు చేతులతోనూ ఎత్తి పట్టుకుంది.

"నేను వెళ్తున్నాను" అంది. "అమ్మాయి పెళ్ళి ఒంటరిగా జరగదు. మీరు ప్లంబరుకి తల వంచుకోండి."

వెనక్కి చూడకుండా నడిచింది. నడుస్తున్నంతసేపూ వెనక కత్తి ఒర చప్పుడు కోసం చెవులు రిక్కించింది. వినబడలేదు. గంట మోగడం వినబడింది. బయట ఎండలోకి అడుగుపెట్టగానే వెనక తలుపు కదిలిన చప్పుడు, ఇనుప గొళ్ళెం పడ్డ చప్పుడు వినబడ్డాయి. అయిపోయింది, ఆయన లోపలే ఉండిపోయాడు అనుకుంది. టీ ఎంత వేడిగా తాగుతాడో ఇరవై ఏళ్ళుగా తనకి తెలిసిన మనిషి ఆ గీత మీద నిలబడి పరాయివాళ్ళ పిల్లని ఇచ్చేస్తున్నాడు.

గేటు దగ్గర వెండెల్ పాత ఫోర్డు ఉంది. ఎలికో ముందు సీట్లో కూర్చుని ఉంది. పిన్నిని చూసి, నన్ను ఆపకు అంది. ఆపడానికి రాలేదే, అని వెనక తలుపు తీసి సూట్‌కేసు పక్కన కూర్చుంది దరేజాన్. పావడా సగం బయటే ఉండిపోతే లోపలికి కుక్కుకుంది. వెండెల్ ఇంజను స్టార్టు చేశాడు. అది దగ్గి ఆగింది. మళ్ళీ చేశాడు.

దరేజాన్ పక్క అద్దం మీద ఠక్ మని దెబ్బ పడింది.

దొరగారు. కత్తి పిడితో కొట్టారు. పరుగెత్తినట్టు కనబడకూడదని ఎంత ప్రయత్నించినా ఎగశ్వాస ఆయన మాట వినడం లేదు, పతకాలన్నీ గలగలమంటున్నాయి. సామాన్లు మోసే పక్క తలుపులోంచి వచ్చి ఉంటారు, భుజం మీద రంగు అంటుకుంది. ఆ యూనిఫారం మీద ఇంతకాలం టీ చుక్క కూడా పడనివ్వలేదు.

ఆయన ముందు తలుపు తీశారు.

"పెళ్ళికాని పిల్ల కుర్రాడి పక్కన కూర్చుని రాష్ట్రం దాటుతుందా?" అన్నారు ఎవరినీ చూడకుండా. "వెనక్కి వెళ్ళు."

ఎలికో కదల్లేదు. "ఇంటికి రమ్మంటే రాను బాబాయ్."

"ఇంటికి రమ్మన్నానా? వెనక సీట్లోకి వెళ్ళమన్నాను."

పిల్ల పిన్ని వైపు చూసింది. పిన్ని సూట్‌కేసు ఒళ్ళోకి తీసుకుని చోటు చేసింది. పిల్ల వెనక్కి మారాక దొరగారు ముందు సీట్లోకి ఎక్కి, కత్తిని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, తలుపు వేసుకున్నారు. అది పడలేదు. వెండెల్ ఆయన మీదుగా వంగి గట్టిగా లాగి వేశాడు. ఇద్దరి మొహాలూ జానెడు దూరంలోకి వచ్చాయి. ఎవరి చూపులు వాళ్ళు వెంటనే రోడ్డు మీద పెట్టుకున్నారు.

"నేను ఒప్పుకోలేదు" అన్నారు దొరగారు.

"సరే సార్."

"పిల్ల లేచిపోయింది అనిపించుకోకూడదు. పెద్దవాళ్ళు వెంట ఉంటే అది లేచిపోవడం కాదు. అందుకే వస్తున్నాను. ఇంకేమీ లేదు."

"సరే సార్."

స్టూడియో వైపునుంచి అసిస్టెంటు చేతులూపుకుంటూ పరుగెత్తుకొస్తున్నాడు. దర్బారంతా నిలబడి ఉంది, మంత్రి లేకపోతే పొద్దుటి నుంచి తీసిందేదీ అతకదు, అని అరుస్తున్నాడు. దొరగారు అతన్ని ఒకసారి అద్దంలో చూశారు. దరేజాన్ ఆయన మెడ వెనక భాగం చూస్తోంది. అది ఎర్రబడింది. ఇప్పుడు దిగిపోతాడా? ఇన్నేళ్ళకి తెరమీద దొరికిన మొహం అక్కడ సుద్దగీత మీద ఉంది.

ఎలికో ముందుకు వంగి బాబాయ్ భుజం మీద చెయ్యి వేసింది. ఆయన తిరగలేదు. చెయ్యి తియ్యమనీ అనలేదు.

"ఎంతసేపు పడుతుంది?" అన్నారు.

సాయంత్రానికి చేరొచ్చన్నాడు వెండెల్, ఇంజను వేడెక్కకపోతే.

"చీకటిపడ్డాక చేసుకుంటే లేచిపోయినవాళ్ళ పెళ్ళే అంటారు. ఎండ ఉండగా చేరాలి" అన్నారు దొరగారు. "ఇంకా ఇక్కడే ఉన్నావేం?"